కార్యాలయపు క్యాలెండరు – బయటి యాపులకు అనుమతి

ఒకప్పుడు ప్రతి కార్యాలయములోను పై అధికారి బల్లమీద అట్టవేసిన డైరీ ఒకటి ఉండెడిది. ఏ దినమున ఎవరితో సమావేశము, ఏ గంటకు ఏ ఊరికి ప్రయాణము అను సంగతులు అందులో వ్రాయబడి ఉండెడివి. దానిని చదువగలవారిని వేళ్లపై లెక్కింపవచ్చును: అధికారి, ఆయన స్టెనోగ్రాఫరు, బల్ల తుడుచునప్పుడు కన్ను పడినచో జవాను. సాయంకాలము డైరీని సొరుగులో పెట్టి తాళము వేసినచో అందులోని సంగతులకు ఆ రాత్రికి భయము లేదు.

ఇప్పుడు ఆ డైరీ బల్లమీద లేదు. గూగుల్, మైక్రోసాఫ్టు వంటి సంస్థల సర్వరులలో, కార్యాలయపు ఖాతా క్రింద, ఎలక్ట్రానిక్ క్యాలెండరుగా ఉన్నది. ఉద్యోగి దానిని తన కంప్యూటరులోను, జేబులోని ఫోనులోను చూచుకొనుచున్నాడు. ఇంతవరకు చిక్కు లేదు. ఆ క్యాలెండరునే వేరొక సంస్థ తయారుచేసిన యాపులో చూచుకొనవలెనని అతడు కోరినప్పుడు చిక్కు మొదలగును. కార్యాలయము ఒక పక్షము. క్యాలెండరును నడుపు సంస్థ రెండవ పక్షము. ఈ యాపును చేసినవారు మూడవ పక్షము. కావుననే ఇట్టివానిని మూడవ పక్షపు యాపులందురు.

ఇవి పనికిమాలినవి కావు. ఇంటి క్యాలెండరును, కార్యాలయపు క్యాలెండరును ఒకే తెరపై చూపునవి కొన్ని. పదిమందికి కుదురు ఖాళీ వేళను వెదకి పెట్టునవి కొన్ని. బయటివారు తమకు అనువైన వేళను తామే ఎన్నుకొనుటకు వీలు కల్పించునవి మరికొన్ని. దినమునకు పదిమంది కొనుగోలుదారులతో మాటలాడవలసిన అమ్మకపు విభాగమువారికి ఇది గొప్ప సదుపాయము. జీతముల లెక్కలు వ్రాయువారికి దీనితో అంత పని ఉండదు. "అందరికిని ఇండు" అనుట తేలిక. "ఎవరికిని వద్దు" అనుట అంతకన్న తేలిక. "వీరికి మాత్రమే" అని నిర్ణయించి, ఆ నిర్ణయమును యంత్రముచేత పాటింపజేయుట యెట్లు? ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

క్యాలెండరులో ఏమున్నది?

క్యాలెండరు అనగానే తేదీ, వేళ మాత్రమే స్ఫురించును. కాని ఎలక్ట్రానిక్ క్యాలెండరులోని ఒక్కొక్క నమోదులో ప్రారంభకాలము, ముగింపుకాలము, శీర్షిక, స్థలము, పిలువబడినవారి పేర్లు, వారి ఈ-మెయిలు చిరునామాలు, వచ్చెదమన్నారో రామన్నారో వారి సమాధానములు, వీనిపైన ఒక వివరణ ఉండవచ్చును. దూరమునుండి జరుపు సమావేశమైనచో అందు చేరుటకు వలసిన లంకె కూడ అక్కడనే ఉండును. ఈ సమాచారమంతయు ఏ కంప్యూటరునకైనను ఒకే విధముగా అర్థమగునట్లు 1998లో ఐక్యాలెండర్ అను ప్రమాణమును ఏర్పరచి, 2009లో దానిని సవరించినారు. భిన్నసంస్థల యాపులు ఒకదాని క్యాలెండరు నొకటి సులభముగా చదువగలుగుటకు ఇట్టి ప్రమాణములే కారణము.

ఒక్క నమోదును విడిగా చూచినచో చప్పగా కనబడవచ్చును. పది నమోదులు ఒకచోట చేరినప్పుడు అవి కథ చెప్పును. ఒక ఉద్యోగి ప్రతి గురువారము ఒకే ఆసుపత్రికి పోవుచుండుట. ముగ్గురు పై అధికారులు ఒకే వారములో నాలుగుసార్లు న్యాయవాదిని కలియుట. ఒక సమావేశమునకు "సిబ్బంది తగ్గింపు – ముసాయిదా" అని పేరుండుట – ఇవి చదివినవానికి ఇక ఏ ఫైలును తెరువవలసిన పని యుండదు.

పాస్‌వర్డునుండి వకాల్తాకు

1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడు పద్ధతిని ప్రదర్శించినారు. ఎవరి ఫైళ్లు వారికే చెందియుండుటకై ఒక్కొక్కరికి ఒక రహస్యపదము నిచ్చినారు. పాస్‌వర్డును వాడిన తొలి వ్యవస్థలలో అది యొకటి. "నీ వెవరు?" అను ప్రశ్నకు పాస్‌వర్డు చక్కని సమాధానమే. కాని "నీ తరఫున వేరొకడు ఎంతవరకు పని చేయవచ్చును?" అను ప్రశ్నకు అది సమాధానము కాదు.

కొంతకాలము క్రిందటివరకు ఈ రెండవ ప్రశ్నకు కూడ దానినే వాడెడివారు. బయటి యాపు ఉద్యోగి పాస్‌వర్డును అడిగెడిది, అతడు ఇచ్చెడివాడు. ఇది సంతకము చేసిన ఖాళీ చెక్కును చేతికిచ్చుట వంటిది. క్యాలెండరు చూచుటకని ఇచ్చిన పాస్‌వర్డుతో యాపు అతని ఉత్తరములను చదువగలదు, అతని పేర ఉత్తరములు వ్రాయగలదు. దానికిచ్చిన అధికారమును వెనుకకు తీసికొనవలెనన్నచో పాస్‌వర్డునే మార్చవలెను. మార్చినచో మిగిలిన యాపులన్నియు ఒక్కసారిగా నిలిచిపోవును.

దీనికి విరుగుడుగా 2007లో ఓ-ఆథ్ అను పద్ధతి వెలువడినది. దాని రెండవ రూపము 2012 అక్టోబరులో అంతర్జాల ప్రమాణపత్రముగా ప్రకటింపబడినది. ఇప్పుడు విస్తారముగా వాడుకలో ఉన్నది ఈ రెండవ రూపమే.

ఓ-ఆథ్ స్వభావము తెలియుటకు కోర్టు వ్యవహారమును తలచుకొనిన చాలును. కక్షిదారు తన ఇంటి తాళపుచెవులను న్యాయవాదికి ఇయ్యడు. వకాల్తా వ్రాసి ఇచ్చును. ఎవరి తరఫున, ఎవరికి, ఏ వ్యాజ్యములో అను వివరములు అందులో ఉండును. ఓ-ఆథ్‌లో ఈ వకాల్తా స్థానమున టోకెను ఉండును. పద్ధతి ఇట్లు నడచును. ఉద్యోగి బయటి యాపులో "క్యాలెండరును కలుపుము" అను మీటను నొక్కగానే, యాపు అతనిని క్యాలెండరు నడుపు సంస్థవారి పుటకు పంపును. అతడు పాస్‌వర్డును అక్కడనే ఇచ్చును. యాపు దానిని ఎన్నడును చూడదు. "ఈ యాపు మీ క్యాలెండరును చదువగోరుచున్నది; సమ్మతమా?" అని ఆ సంస్థ అడుగును. అతడు సమ్మతించినచో ఆ మేరకు మాత్రమే చెల్లునట్టి టోకెనును యాపునకు ఇచ్చును. పిమ్మట యాపు వచ్చినప్పుడెల్ల ఆ టోకెనును చూపి క్యాలెండరును చదువుకొని పోవును.

ఇందులో సమితుల పాఠము దాగియున్నది. ఉద్యోగికి స్వయముగా ఏ హక్కులు కలవో ఆ సమితిని 'ఉ' అనుకొనుడు. యాపు అడిగి పొందిన హక్కుల సమితి 'య'. యాపు అతని పేర నిజముగా చేయగలిగినది ఈ రెండింటి ఛేదనము, ఉ ∩ య మాత్రమే. ఉద్యోగికి లేని హక్కు యాపునకు రాదు. ఉద్యోగికి ఉన్నను, యాపు అడుగని హక్కు దానికి రాదు. ఇక్కడ ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఒకే యాపు, ఒకే అనుమతి, "అతడు చూడగల క్యాలెండరులన్నియు చదువుట" అని యున్నదనుకొనుడు. దానిని ఒక సామాన్య గుమాస్తా ఇచ్చినచో యాపు చేతికి వచ్చునది అతని క్యాలెండరు మాత్రమే. అదే అనుమతిని డైరెక్టరుగారి వ్యక్తిగత కార్యదర్శి ఇచ్చినచో డైరెక్టరుగారి క్యాలెండరు కూడ దానితో పోవును. ఏలనగా కార్యదర్శికి దానిని చూచు హక్కు ఉన్నది. 'య' మారలేదు, 'ఉ' మారినది. ఏ యాపును వాడుచున్నారను ప్రశ్నతోపాటు ఎవరు వాడుచున్నారను ప్రశ్నకు ప్రాముఖ్యము వచ్చుట ఇందువలననే.

సమ్మతి మీట

పద్ధతి యెంత చక్కనిదైనను, చివరకు అంతయు ఒక మనిషి ఒక మీటను నొక్కుటపై ఆధారపడియున్నది. 2017 మే 3వ తేదీన దీని బలహీనత లోకమునకు తెలిసినది. ఎవరో ఒక యాపును తయారుచేసి దానికి "గూగుల్ డాక్స్" అని పేరు పెట్టినారు. తెలిసినవారి వద్దనుండి పత్రము వచ్చినట్లు ఉత్తరము వచ్చెడిది. దానిని నొక్కినవారికి నకిలీ పుట కాదు, గూగుల్‌వారి అసలు సమ్మతి పుటయే కనబడెడిది. సమ్మతించినచో ఆ యాపు వారి ఉత్తరములను, చిరునామాలను అందుకొని, ఆ చిరునామాలన్నిటికిని మరల అట్టి ఉత్తరమునే పంపెడిది. సుమారొక గంటలో దానిని ఆపివేసితిమని గూగుల్ ప్రకటించినది. జీమెయిలు వాడుకరులలో నూటికి 0.1 కన్న తక్కువమందికే అది తగిలినదనియు చెప్పినది. కాని జీమెయిలు వాడువారు కోట్లసంఖ్యలో ఉన్నప్పుడు అంత చిన్న భాగము కూడ పెద్ద సంఖ్యయే. ఈ సంఘటనలో ఎవరి పాస్‌వర్డును దొంగిలింపబడలేదు. తలుపును ఇంటివారే తీసినారు.

కనుక "ఉద్యోగి సమ్మతించినాడు గదా" అని ఊరకుండుటకు వీలులేదు. ఇంతకన్న బలమైన కారణము మరొకటి కలదు. అది మోసమునకు సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది.

ఒకరి సమ్మతి, పదిమంది సంగతి

సమావేశము ఒకరిది కాదు. దానికి పదిమందిని పిలిచినప్పుడు ఆ నమోదు పది క్యాలెండరులలోను చేరును. శీర్షిక, స్థలము అన్నిటిలోను ఉండును. పదిమంది పేర్లు కూడ సాధారణముగా అన్నిటిలోను ఉండును. ఆ పదిమందిలో ఏ ఒక్కరు బయటి యాపునకు సమ్మతించినను ఆ సమావేశపు వివరములు ఆ యాపునకు తెలియును. మిగిలిన తొమ్మిదిమంది ఆ యాపు పేరు కూడ విని యుండకపోవచ్చును.

ఒక కార్యాలయములో నూటికి పదిమంది అట్టి యాపును వాడుచున్నారనుకొనుడు. "పదవవంతే గదా, పది సమావేశములలో ఒకటి మాత్రమే బయటపడును" అని తోచును. అది పొరపాటు. ఒక వ్యక్తి యాపును వాడకుండుటకు సంభావ్యత 0.9. ఒకరు వాడుటకు మరియొకరు వాడుటకు సంబంధము లేదనుకొన్నచో, ఐదుగురి సమావేశములో ఎవరును వాడకుండుటకు సంభావ్యత 0.9ను ఐదుసార్లు వేసి గుణించగా వచ్చు 0.59. అనగా ఐదుగురి సమావేశము బయటపడుటకు సంభావ్యత 0.41. పదిమంది సమావేశమునకు ఇట్లే లెక్కకట్టినచో 0.65 వచ్చును. ఇరువదిమంది కూర్చుండు సమావేశమైనచో 0.88. పదవవంతు ఉద్యోగులు వాడినంతమాత్రమున పెద్ద సమావేశములలో పదింట దాదాపు తొమ్మిది బయటివారి సర్వరులకు చేరినవి!

నిజజీవితములో ఒకే విభాగమువారు ఒకే యాపును మరగుట సాధారణము గనుక, సంబంధము లేదనుకొనుట పూర్తిగా సరి కాదు. అంకెలు కొంత మారును. కాని లెక్క చూపు దిశ మారదు. వాడువారి సంఖ్యను నూటికి పదినుండి రెండుకు తగ్గించినచో పదిమంది సమావేశము బయటపడుటకు సంభావ్యత 0.65నుండి 0.18కి దిగును. ఆ ఇద్దరును పెద్ద సమావేశములకు పోనివారైనచో అది ఇంకను తగ్గును. పదియవ తరగతి విద్యార్థులు తమ తరగతిలోని సంఖ్యలతో ఈ లెక్కను వేసి చూడవచ్చును. పది రూపాయల నాణెమును ఎగురవేయుటకన్న ఇది వారికి ఆసక్తికరముగా ఉండును.

దీనినిబట్టి తేలునది ఇది. తన క్యాలెండరు తన సొంతమని ఉద్యోగి అనుకొనుట సహజము. కాని అందులోని నమోదులలో అధికభాగము ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి పొలమును ఒక్క వాటాదారు సంతకముతో కౌలుకిచ్చినట్లు, ఒక్కరి సమ్మతితో ఈ సమాచారము బయటకు పోవుట న్యాయము కాదు. ఆసుపత్రికి పోవలసియున్నదని చెప్పి తన అధికారితో ఒక గంట సెలవును క్యాలెండరులో నమోదు చేయించుకొనిన ఉద్యోగిని, ఆ అధికారి వాడు యాపును గురించి ఎవరడిగినారు? నిర్ణయము కార్యాలయమునకు చెందుట అందుకే సమంజసము. ఉద్యోగులపై అపనమ్మకముచేత కాదు.

పట్టికయు, సమూహములును

ఎవరికి ఏది చెల్లునో వ్రాయుటకు గణితశాస్త్రము చక్కని ఉపాయము నొకటి ఇచ్చినది. 1971లో బట్లర్ లాంప్సన్ దానిని వివరించినాడు. అడ్డువరుసలలో వాడువారిని, నిలువువరుసలలో వస్తువులను వ్రాసి, అవి కలియు గడిలో అనుమతిని గుర్తించుటయే ఆ ఉపాయము. మాత్రిక యనుట దీనికి తగును. కార్యాలయమునకు దీనిని అన్వయించినచో అడ్డువరుసలు ఉద్యోగులు, నిలువువరుసలు యాపులు. ఐదువందల ఉద్యోగులు, నలుబది యాపులు అనుకొన్నచో ఇరువదివేల గడులు. ఎవరో ఒకరు ఉద్యోగమున చేరుచు, మరొకరు బదిలీ యగుచు, ఇంకొకరు విరమించుచుండగా ఇన్ని గడులను చేతితో దిద్దుట ఎవరితరము?

అందుచేత వ్యక్తులకు బదులు సమూహములను వాడుదురు. అమ్మకపు విభాగము, లెక్కల విభాగము, డైరెక్టరు కార్యాలయము మున్నగు ఆరు సమూహములైనచో గడులు రెండువందల నలుబదికి దిగును. బదిలీ అయినవానిని ఒక సమూహమునుండి తీసి మరొకదానిలో చేర్చిన చాలును. అనుమతులు వానియంతట అవి మారును. పదవిని బట్టి, పాత్రను బట్టి అనుమతి నిచ్చు ఈ విధానమునకు 1992లో అమెరికా ప్రమాణముల సంస్థకు చెందిన ఫెరయోలో, కూన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు స్పష్టమైన రూపమిచ్చినారు.

నేడు మైక్రోసాఫ్టువారి వ్యవస్థలో – ఎంట్రా అని దాని పేరు – ఒక్కొక్క యాపునకు "నియామకము అవసరమా?" అను ఒక అమరిక యున్నది. దానికి "అవును" అని పెట్టినచో, నిర్వాహకుడు పేరు చేర్చిన వ్యక్తులు, సమూహములు తప్ప ఇతరులెవరును ఆ యాపులోనికి పోలేరు. అట్టి యాపునకు ఉద్యోగి తనంతట తాను సమ్మతి ఇయ్యజాలడు. సంస్థ తరఫున నిర్వాహకుడే ఇయ్యవలెను. ఇందులో తెలియక చిక్కుపడు సంగతి యొకటి కలదు. ఒక సమూహములో మరియొక సమూహమును చేర్చినచో, లోపలి సమూహమువారు ఈ నియామకమునకు లెక్కకు రారు. గణితములో ఉపసమితిలోని మూలకము పెద్ద సమితిలోని మూలకమే యగును. ఇక్కడ యంత్రము అట్లు భావింపదు. "అందరిని చేర్చితిమి, సగముమందికి పని చేయుటలేదు" అను ఫిర్యాదునకు తరచుగా కారణమిదియే.

గూగుల్‌వారి వ్యవస్థలో దారి కొంచెము వేరు. అక్కడ సంస్థను విభాగములుగ, ఉపవిభాగములుగ చెట్టు కొమ్మలవలె అమర్తురు. ఒక్కొక్క యాపును ఒక్కొక్క విభాగమునకు "నమ్మదగినది", "పరిమితము", "నిషిద్ధము" మున్నగు తరగతులలో ఉంచవచ్చును. ఈ రెండు వ్యవస్థలలోను మరొక ప్రశ్న మిగిలియుండును: జాబితాలో ఇంతవరకు లేని క్రొత్త యాపు వచ్చినచో ఏమి చేయవలెను? దానికి సమాధానమును ముందుగా నిర్ణయింపకున్నచో మిగిలిన శ్రమయంతయు వ్యర్థము. ఒక క్యాలెండరు యాపును నిషేధించినచో, అట్టిదే వేరొక పేరుగల యాపును మరునాడు ఉద్యోగి కలుపుకొనును. ఒక తలుపునకు తాళము వేసి ప్రహరీగోడ కట్టకుండుటవంటి దది. తెలియని యాపులకు ఉద్యోగి స్వయముగా సమ్మతి ఇయ్యకుండ ఆపి, అవసరమైనవాడు నిర్వాహకునకు అర్జీ పెట్టుకొనునట్లు చేయుట రెండుచోట్లను సాధ్యమే.

తీసివేసిన తరువాత

సమూహమునుండి ఒక ఉద్యోగి పేరును తొలగించిన క్షణముననే యాపునకు క్యాలెండరు మూసుకొనిపోవునా? సాధారణముగా పోదు. టోకెనులు రెండు రకములు. నిత్యము చూపు టోకెను స్వల్పాయువు: గూగుల్‌వారిది సుమారు గంట, మైక్రోసాఫ్టువారిది అరువదినుండి తొంబది నిమిషములు. అది తీరిన పిమ్మట క్రొత్తది పొందుటకు దీర్ఘాయువుగల రెండవ టోకెను ఉండును. పేరు తొలగించినచో క్రొత్త టోకెను దొరకదు. కాని చేతిలో ఉన్నది దాని ఆయువు తీరువరకు చెల్లవచ్చును. తీగనుండి విద్యుత్తును ఆపినను ఇస్త్రీపెట్టె కొంతసేపు వేడిగా ఉన్నట్లే.

పాస్‌వర్డు మార్చినచో సరిపోవునని పలువురు తలంతురు. ఇది అన్నివేళల నిజము కాదు. గూగుల్‌వారి నియమము ప్రకారము, ఉత్తరములు చదువు అనుమతిగల దీర్ఘ టోకెను పాస్‌వర్డు మార్పుతో రద్దగును; క్యాలెండరు అనుమతి మాత్రమే గల టోకెను అట్లు రద్దు కాదు. దానిని ప్రత్యేకముగా రద్దుచేయవలెను. ఇక యాపు అంతవరకు చదివి తన సర్వరులో దాచుకొనిన నమోదుల మాట? వకాల్తా రద్దయినను న్యాయవాదికి తెలిసిన సంగతులు తెలియనివి కావు. వానిని చెరిపివేయుడని ఆ సంస్థను అడుగవలసినదే. టోకెనుతో అది తేలదు.

ఇంతవరకు చెప్పినదంతయు ఒక ఉద్యోగి తరఫున పనిచేయు యాపును గురించి. ఏ ఉద్యోగి తరఫునను గాక, తన సొంత పేరుననే సంస్థలోని ఖాతాలన్నిటిని చదువునట్టి అధికారమును కూడ యాపునకు ఇయ్యవచ్చును. సమావేశపు గదులను కేటాయించు యాపులు కొన్ని దీనిని కోరును. అప్పుడు ఉ ∩ య అను లెక్క చెల్లదు. 'ఉ' అను సమితి అసలు లేదు. దీనివలన కలుగు అపాయమునకు 2024 జనవరి 19న మైక్రోసాఫ్టు సంస్థ స్వయముగా ప్రకటించిన సంఘటన సాక్ష్యము. పరీక్షకొరకు ఎప్పుడో ఏర్పరచి మరచిపోయిన ఒక యాపునకు పెద్ద అధికారములు మిగిలియుండగా, చొరబాటుదారులు దానిని పట్టుకొని ఆ సంస్థలోని పై అధికారుల ఉత్తరములవరకు పోగలిగినారు. ఇట్టి యాపునకు కూడ ఎల్ల గీయవచ్చును: ఈ సమూహమువారి ఖాతాలు మాత్రమే అని. గీయుట నిర్వాహకుని పని. యంత్రము తనంతట తాను గీయదు.

ఎంత చాలును?

1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు కంప్యూటరు రక్షణకు ఎనిమిది సూత్రములను ప్రతిపాదించినారు. పనికి ఎంత అధికారము వలయునో అంతమాత్రమే ఇయ్యవలెను అనునది అందులో ఒకటి. క్యాలెండరు విషయములో ఈ "అంత" ఎంతయో లెక్కకట్టి చూపవచ్చును.

బయటివానికి సమావేశపు వేళను ఎన్నుకొను వీలు కల్పించు యాపునకు తెలియవలసినదేమి? ఎనిమిది గంటల పనిదినమును అరగంటలుగా విభజించినచో పదునారు భాగములు. ఒక్కొక్కదానికి "ఖాళీ", "ఖాళీ కాదు" అను రెండు సమాధానములలో ఒకటి. అనగా దినమునకు పదునారు బిట్లు. శీర్షిక యక్కరలేదు, పేర్లక్కరలేదు, ఆసుపత్రి పేరు అంతకన్న అక్కరలేదు. ఖాళీ వేళలను మాత్రమే తెలుపు అనుమతి గూగుల్‌వారి వద్ద ప్రత్యేకముగా కలదు. మైక్రోసాఫ్టువారి వద్ద నమోదులోని వివరణను, జతపరచిన కాగితములను విడిచి మిగిలినవి చదువు తక్కువరకపు అనుమతి యొకటి కలదు. ఎన్నుకొనిన వేళను క్యాలెండరులో వ్రాయుటకు వేరొక అనుమతి కావలెను. నిర్వాహకుని యెదుటికి అర్జీ వచ్చినప్పుడు ఇది ఎవరికి అని అడుగుటతోపాటు, ఈ పదునారు బిట్లకన్న ఎక్కువ ఎందుకు అడుగుచున్నారని కూడ అడుగవలసి యుండును. తగిన కారణము గల యాపులును ఉన్నవి; కాని పెక్కింటికి ఉండదు. ఖాళీ వేళల అనుమతి మాత్రమే ఇచ్చిన యాపును పదిమందికి బదులు వందమంది వాడినను, పైన వేసిన సంభావ్యత లెక్కలో బయటపడునది సమావేశపు వేళయే గాని దాని శీర్షిక కాదు.

అనుమతులను మితిమీరి బిగించుటలోను నష్టము కలదు. పని జరుగవలసిన ఉద్యోగి ఊరకుండడు. వేరొక దారి వెదకును. క్యాలెండరులలో చాలవానికి ఒక రహస్యపు లంకె యుండును. దానిని నకలుచేసి ఏ యాపులో అతికించినను ఆ యాపు క్యాలెండరును చదువగలదు. అందులో సమ్మతి పుట లేదు, టోకెను లేదు, సమూహము లేదు. లంకె యెవరి చేతిలో ఉన్నచో వారు చూడగలరు. యాపుల జాబితాలో దాని జాడ కూడ కనబడదు. కావున యాపులకు నియమములు వ్రాయు నిర్వాహకుడు, బయటివారితో క్యాలెండరును పంచుకొను అమరికను కూడ అదే దినమున చూచుకొనవలెను. అమ్మకపు విభాగమువారి అర్జీకి సమాధానము వారములతరబడి రాకున్నచో, వారిలో ఒకరు ఆ లంకెను అప్పటికే వాడుచుండవచ్చును.